ఒక పెద్ద అంగడి వేరుపడిన వైనము

పండుగకు నాలుగు రోజుల ముందు ఒక యింట మిక్సీ చెడిపోయినదనుకొందము. ఇల్లాలు సెల్‌ఫోను చేతబట్టి కొత్తదాని బొమ్మ చూచినది, ధర చూచినది, బుట్టలో వేసినది, యూపీఐ ద్వారా సొమ్ము చెల్లించినది. ఖాతాలో నుండి 3,400 రూపాయలు తగ్గినవని బ్యాంకువారి సందేశము వెంటనే వచ్చినది. అంగడి తెరమీద మాత్రము చక్రము తిరుగుచునే యున్నది. కొంతసేపటికి, ఏదో పొరపాటు జరిగినదనియు మరల ప్రయత్నింపవలసినదనియు ఒక మాట కనబడినది. సొమ్ము పోయినది, మిక్సీ వచ్చునో రాదో తెలియదు. మరల నొక్కవలెనా, మానవలెనా? ఇంటిల్లిపాదియు తలకొక సలహా చెప్పుదురు.

ఈ చిక్కు వీధి చివరి కిరాణా కొట్టులో రాదు. అక్కడ సరుకు లేనిచో సొమ్ము పుచ్చుకొనకముందే లేదని చెప్పుదురు. ఒక చేత రూపాయి, ఒక చేత సరుకు. వేలకొలది ఇంజనీర్లను పోషించుకొనుచున్న మహా అంగళ్లకు ఈ చిన్న కొట్టు చేయగల పని ఏల చేతగాకున్నది? అజాగ్రత్త ఉన్నచోట్లు లేకపోలేదు గాని, అసలు కారణము వేరు. గడచిన పాతికేళ్లలో ఈ అంగళ్లు తమ లోపలి కట్టడమును మార్చుకొన్న తీరులో ఆ కారణమున్నది. ఒకటిగా ఉన్నదానిని వందలుగా విడగొట్టినారు. ఎందుకు విడగొట్టినారు, విడగొట్టి ఏమి పొందినారు, ఏమి పోగొట్టుకొన్నారు అనునదే నేటి ప్రసంగ విషయము.

మొదట ఒకటిగా ఉన్నప్పటి సంగతి. 1995 జూలైలో అమెరికాలోని సియాటిల్ నగరమున జెఫ్ బెజోస్ అమెజాన్ అను పుస్తకముల అంగడిని ఇంటర్నెట్టు మీద తెరచినాడు. దానిని నడిపిన కంప్యూటరు ప్రోగ్రాము పేరు ఓబిడోస్. అది బ్రెజిల్ దేశములో అమెజాన్ నది ఒడ్డున నున్న ఒక పట్టణము పేరు. అంతటి మహానది ఆ పట్టణము దగ్గర ఇరుకున బడి వడిగా పారును. పేరు పెట్టినవారి ఉద్దేశమేదైనను, తరువాతి కథకు ఆ పేరు చక్కగా అతికినది.

పుస్తకమును వెదకి చూపుట, ధర చెప్పుట, బుట్టలో వేయుట, ఆర్డరు వ్రాసికొనుట, కొన్నవారి అభిప్రాయములను ప్రకటించుట, ఇట్లు కొనుగోలుదారునకు కనబడు పనులన్నియు ఆ ఒక్క ప్రోగ్రామే చేసెడిది. ఇట్టి కట్టడమును ఇంజనీర్లు మోనోలిత్ అందురు. అనగా ఒకే రాయి. మన ఓరుగల్లుకు ఏకశిలానగరమని పేరున్నది గదా, ఏకశిల అనుమాటయే దీనికి తగిన తెలుగు.

ఏకశిలను ఈనాడు చిన్నచూపు చూచుట పరిపాటియైనది. అది న్యాయము కాదు. చిన్న కొట్టుకు అంతకు మించిన కట్టడము లేదు. అన్ని పనులకు ఒకే చిట్టా, ఒకే ఆవర్జా. మిక్సీ అమ్ముడుపోయినప్పుడు మూడు పద్దులు వ్రాయవలెను: సరుకులో ఒకటి తరుగు, సొమ్ము జమ, పార్సిలు పంపుటకు చీటీ. రెండు పద్దులు వ్రాసి మూడవది వ్రాయునంతలో కరెంటు పోయినచో ఏమగును? మంచి డేటాబేసు తిరిగి లేచిన వెంటనే, సగములో నిలిచిన పనిని గుర్తించి, వ్రాసిన రెండింటిని కూడ కొట్టివేయును. మూడు పద్దులును పడును, లేదా ఒక్కటియు పడదు. మధ్య స్థితి బయటివారికెవరికిని కనబడదు. ఈ లావాదేవీ సూత్రమును పదునుపెట్టి శాస్త్రముగా నిలిపినవారిలో ముఖ్యుడు జిమ్ గ్రే. అందులకు 1998వ సంవత్సరపు ట్యూరింగ్ బహుమానము ఆయనకు లభించినది. కిరాణా కొట్టులోని చేతికి చేయి వ్యవహారమును యంత్రములోనికి తెచ్చిన పుణ్యము ఆ సూత్రముది.

ఇక అంగడి పెరిగినది. పుస్తకములతో మొదలైన అమెజాన్ 1998లో సంగీతమును, 1999లో ఆటబొమ్మలను, ఎలక్ట్రానిక్ వస్తువులను చేర్చుకొన్నది. పనివారు పెరిగినారు. ఒకే పొయ్యి దగ్గర నలుబదిమంది వంటకు నిలిచినట్లయినది. ఒకరు ఉప్పు వేసినది మరియొకరికి తెలియదు. అభిప్రాయముల పుటలో చిన్న సవరణ చేసిన ఇంజనీరు తన సవరణను లోకమునకు విడుదల చేయవలెనన్నచో, తక్కినవారందరి సవరణలతో కలిసి, అన్నియు పరీక్షకు నిలిచినదాక ఆగవలెను. ఒక మూలనున్న దోషము యంత్రపు జ్ఞాపకశక్తినంతయు మింగివేసినచో, దానితో ఏ సంబంధమును లేని ఆర్డరు విభాగము కూడ మూతపడును.

అన్నింటికంటె పెద్ద చిక్కు ఆవర్జా దగ్గర వచ్చినది. 1998లో అమెజాన్ ఇంజనీర్లు తమలో తాము ఒక పత్రము వ్రాసికొన్నారు. ఆ సంస్థ సాంకేతికాధిపతి వెర్నర్ వోగెల్స్ దానిని 2022 నవంబరులో లోకమునకు ప్రకటించినాడు. అందులోని మొర ఇది: ప్రతి ప్రోగ్రామును నేరుగా డేటాబేసులోనికి చేయిపెట్టి తనకు కావలసినది తీసికొనుచున్నది, ఏ గడిలో ఏమున్నదో అందరికిని తెలుసు, అందరును దాని మీదనే ఆధారపడినారు, కాబట్టి ఆ గడులను మార్చుట ఎవరికిని సాధ్యము కాకున్నది. చిరునామాకు ఒక గడి కొత్తగా చేర్చవలెనన్నను పదిచోట్ల ప్రోగ్రాములు తిరిగి వ్రాయవలెను. కనుక ఇకమీదట ఎవరును ఆవర్జాను ముట్టరాదు. ఆవర్జా ముందు ఒక సర్వీసు కూర్చుండవలెను. కావలసినది దానినడిగి పుచ్చుకొనవలెను. ఇది ఆ పత్రము చేసిన సూచన.

సూచన ఆజ్ఞగా మారుటకు కొన్నేళ్లు పట్టినది. సుమారు 2002 ప్రాంతములో బెజోస్ సంస్థ అంతటికి ఒక కట్టడి విధించినాడని, అక్కడ పనిచేసిన స్టీవ్ యెగీ అను ఇంజనీరు 2011లో వ్రాసినాడు. ఏ బృందమైనను మరియొక బృందముతో సర్వీసు ద్వారముననే మాట్లాడవలెను. దొడ్డిదారిన ఒకరి లెక్కలు మరొకరు చూడరాదు. ఒప్పుకొననివారికి ఉద్యోగము లేదు. ఆయన వ్రాసిన ప్రకారము కట్టడి సారాంశమిది. రెండు పిజ్జాలతో కడుపు నిండునంత చిన్నదిగా ప్రతి బృందము ఉండవలెనని ఆ సంస్థలో ఒక లెక్క కలదు. మన లెక్కలో చెప్పవలెనన్నచో ఒక పంక్తిలో కూర్చుండి భోజనము చేయగలవారని అనుకొనవచ్చును.

ఇక్కడ ఒక పాత మాట జ్ఞాపకము చేయుట అవసరము. మెల్విన్ కాన్వే అను అమెరికను 1968లోనే ఒక వ్యాసములో, ఏ సంస్థ కట్టిన యంత్రమైనను ఆ సంస్థలో ఎవరితో ఎవరు మాట్లాడుదురో దానికి నకలుగా తయారగునని వాదించినాడు. నాకు తోచినంతవరకు ఈ విభజన కథ అంతటికిని తాళపుచెవి అదే. అమెజాన్ విడగొట్టినది ప్రోగ్రామును మాత్రమే కాదు, మనుష్యుల పూచీని. ధర చెప్పు సర్వీసును కట్టినవారే దానిని రేయింబవళ్లు నడపవలెను. అర్ధరాత్రి చెడినచో వారి ఫోనే మ్రోగవలెను. కట్టువారొకరు, కాపలావారొకరు అను పద్ధతి పోయినది. వోగెల్స్ 2006లో ఒక సంభాషణలో ఈ పద్ధతిని గట్టిగా సమర్థించినాడు. ఆ సంభాషణలో ఆయనను ప్రశ్నించినవాడు, చిత్రముగా, లావాదేవీ సూత్రమునకు పెద్దయైన జిమ్ గ్రేయే. ఒక పుట తెరచినచో నూరుకు పైగా సర్వీసులను అడిగి ఆ పుటను కూర్చుచున్నామని వోగెల్స్ అప్పుడు చెప్పినాడు. మరుసటి యేట అమెజాన్ వారు ప్రకటించిన శాస్త్రపత్రములో ఆ సంఖ్య 150కి పైగా అని ఉన్నది. ఇట్టి చిన్న సర్వీసులకు మైక్రోసర్వీసులు అను పేరు బాగుగా వ్యాప్తికి వచ్చినది 2014లో జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్ వ్రాసిన వ్యాసము తరువాత. పేరు కంటె పని ముందు పుట్టినది.

ఇంతవరకు విన్నవారికి ఇది ఉమ్మడి కుటుంబము వేరుపడిన కథగా తోచినచో ఆశ్చర్యము లేదు. మన పల్లెలలో అన్నదమ్ములు వేరుపడునప్పుడు గిన్నెలు, గొడ్లు, పొలము పంచుట ఒక పూటలో అగును. పంచలేనివి ఉమ్మడి బావి, నడిమి గోడ. పెద్దమనుషులు మూడు రాత్రులు కూర్చున్నను తెగని తగవు వాటి మీదనే. అంగడిలోను అంతే. బొమ్మల విభాగము, వెదకు విభాగము, అభిప్రాయముల విభాగము సులువుగా విడిపోవును. కొనుగోలుదారు చిరునామా ఎవరిది? ఆర్డరు వారికి అది కావలెను, పార్సిలు వారికి కావలెను, బిల్లువారికి కావలెను. ఆర్డరు అను వస్తువు ఎవరిది? బుట్టలో ఉన్నప్పుడు ఒకరిది, సొమ్ము చెల్లించినప్పుడు మరొకరిది, లారీ ఎక్కినప్పుడు ఇంకొకరిది. ప్రోగ్రామును చీల్చి, ఆవర్జాను మాత్రము ఉమ్మడిగా ఉంచుకొన్న సంస్థలు చాల కలవు. అవి వేరుపడిన సుఖమును పొందలేదు, కలిసియున్న సుఖమును పోగొట్టుకొన్నవి. నా దృష్టిలో అది అన్నింటికంటె చెడ్డ స్థితి.

సరే, ఆవర్జా కూడ పంచినారనుకొందము. సరుకు లెక్క ఒకరి దగ్గర, సొమ్ము లెక్క ఒకరి దగ్గర, పార్సిలు చీటీలు వేరొకరి దగ్గర. మూడు పద్దులు ఒక్కసారిగా పడును లేదా ఒక్కటియు పడదు అను ఆ పాత హామీ ఇప్పుడెక్కడిది? మూడు కొట్లు మూడు వీధులలో ఉన్నవి. ఒకరినొకరు ఉత్తరముల ద్వారా పలుకరించుకొందురు. ఉత్తరమునకు జవాబు రానిచో ఏమనుకొనవలెను? ఉత్తరము చేరలేదా? చేరినది, పని జరుగలేదా? పని జరిగినది, జవాబు దారిలో తప్పినదా? పంపినవానికి ఈ మూడును ఒక్కతీరుగానే కనబడును. ఇల్లాలి ఫోనులో చక్రము తిరుగుచున్నప్పుడు అంగడి స్థితి సరిగా ఇదే. అది అబద్ధమాడుట లేదు, దానికే తెలియదు. కష్టము ఇంటిలోనుండి వీధిలోనికి నడిచిపోయినది గాని తగ్గలేదు.

చిన్న లెక్క ఒకటి వేసి చూతము. ఒక్కొక్క సర్వీసు వేయి పిలుపులలో 999 మారులు సరిగా పలుకునని అనుకొనుడు. చాల మంచి సర్వీసే. ఒక పుట కూర్చుటకు అట్టివి నూరు పలుకవలెనన్నచో, అన్నియు సరిగా పలుకు పుటలు వేయింటిలో 905 మాత్రమే. 95 పుటలలో ఎక్కడో ఒకచోట గండి పడును. అందుచేత తెలివైన అంగడి, అభిప్రాయముల సర్వీసు పలుకనప్పుడు ఆ చోటును ఖాళీగా వదలి తక్కిన పుటను చూపును. మీరు ఒకొక్కప్పుడు నక్షత్రముల గుర్తులు లేని పుటను చూచియుందురు. అది దోషము కాదు, అంగడి కావలెనని చేసిన రాజీ. ధర పలుకనప్పుడు మాత్రము ఆ రాజీ పనికిరాదు. దేనిని వదలవచ్చును, దేనిని వదలరాదు అని నిర్ణయించుట ఇంజనీరు పని కాదు, వర్తకుని పని; ఈ సంగతిని గుర్తించుటకే చాల సంస్థలకు ఏండ్లు పట్టినది.

సొమ్ము వ్యవహారములో ఈ గండిని పూడ్చుటకు రెండు ఉపాయములు కలవు. మొదటిది చీటీ సంఖ్య. ఆర్డరు పుట్టినప్పుడే దానికొక సంఖ్య వేయుదురు. జవాబు రాక అదే చీటీని మరల పంపినను, అవతలి కొట్టువాడు సంఖ్య చూచి, ఇది ముందు వచ్చినదే, రెండవమారు సొమ్ము పట్టరాదని గ్రహించును. ఇది లేని అంగడిలో ఒకే మిక్సీకి రెండు మారులు సొమ్ము పోవును. రెండవది తిరుగు పద్దు. 1987లో హెక్టర్ గార్సియా మొలీనా, కెనెత్ సేలెం అను ఇద్దరు శాస్త్రజ్ఞులు సాగా అను పేర దీనిని ప్రతిపాదించినారు. పెద్ద వ్యవహారమును చిన్న మెట్లుగా విడగొట్టవలెను; ప్రతి మెట్టుకు దానిని చెరపు మెట్టు ఒకటి ముందే సిద్ధపరచియుంచవలెను. సొమ్ము పట్టిన తరువాత సరుకు లేదని తేలినచో, సొమ్ము తిరిగి ఇచ్చు మెట్టు నడచును. పాత ఏకశిలలో సగము పని ఎవరికిని కనబడకుండ చెరిగిపోయెడిది. ఇక్కడ అది అందరికిని కనబడును. సొమ్ము పోయి, కొన్నాళ్లకు తిరిగి వచ్చును. ఆ నడిమి రోజులు మన యింటి రోజులు.

2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ సంస్థ మన దేశములో జరిపిన మహా అమ్మకపు రోజు చాలమందికి జ్ఞాపకముండును. సరుకు లేదనుట, తీసికొన్న ఆర్డర్లు రద్దగుట, సైటు మొరాయించుట, ఇన్నియు ఒక్కరోజున జరిగి, సంస్థాపకులు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ కొనుగోలుదారులకు క్షమాపణ లేఖ వ్రాయవలసివచ్చినది. ఎంత పెద్ద అంగడికైనను రద్దీ నాటి పరీక్ష అట్టిది.

నడిమి రోజులకు మన దేశములో ఒక హద్దు ఏర్పడినది. 2019 సెప్టెంబరు 20న భారత రిజర్వు బ్యాంకు జారీచేసిన ఉత్తర్వు ప్రకారము, యూపీఐ ద్వారా గాని, కార్డు ద్వారా ఇంటర్నెట్టు మీద గాని వర్తకునికి చెల్లించిన సొమ్ము ఖాతాలో తగ్గి, వర్తకునికి ధ్రువీకరణ చేరనిచో, ఆ దినము తరువాత 5 దినములలోపల అది తనంతట తిరిగి జమ కావలెను. ఆ గడువు దాటినచో రోజుకు 100 రూపాయల వంతున పరిహారము, ఖాతాదారుడు అడుగకయే చెల్లింపవలెను. కనుక చక్రము తిరిగినప్పుడు తొందరపడి మరల నొక్కక, మొదట ఆర్డర్ల పట్టికలో చూచుకొని, బ్యాంకు సందేశములోని లావాదేవీ సంఖ్యను వ్రాసి యుంచుకొనుట ఇంటివారు చేయదగిన పని.

అన్ని వ్యవహారములకును ఇంత కఠినమైన లెక్క అక్కరలేదు. కొనుగోలు బుట్ట సంగతి చూడుడు. 2007లో అమెజాన్ వారు డైనమో అను తమ డేటా నిల్వ పద్ధతిని వివరించుచు, బుట్టలో వస్తువు వేయుదునన్న మనిషిని ఏ స్థితిలోను కాదనరాదని తాము నిశ్చయించుకొన్నట్లు వ్రాసినారు. సగము యంత్రములు అందకపోయినను, అందిన యంత్రములోనే బుట్టను వ్రాసికొందురు. తరువాత రెండు యంత్రములలో రెండు బుట్టలు తేలినచో, రెండింటిని కలిపివేయుదురు. చేర్చినది పోదు, ఐతే తీసివేసినది ఒకొక్కప్పుడు తిరిగి ప్రత్యక్షమగును. వద్దని తీసిన చీర మరల బుట్టలో కనబడుట దయ్యపు చేష్ట కాదు, ఆ కలుపుట వలన వచ్చిన ఫలితము. కొనువాడు చూచి మరల తీసివేయగలడు, కొనవచ్చినవానిని వెనుకకు పంపుట కంటె అది మేలని వారి లెక్క. వర్తకుని బుద్ధి యంత్రములో ఎంత లోతుగా దిగినదో చూడుడు.

పాత అంగడిని మూయకుండ కొత్తదానిలోనికి ఎట్లు మారవలెను? ఇది అసలైన సాహసకార్యము. అంతయు పక్కన కొత్తగా కట్టి, ఒక శుభదినమున పాతదానికి తాళము వేసి కొత్తదానిని తెరతుమను ఆశ ప్రతి సంస్థలోను ఒకమారు పుట్టును. కొత్తది కట్టుచున్నంతకాలము పాతది కూడ మారుచునే యుండును గనుక, ఆ శుభదినము జరుగుచునే పోవును. మార్టిన్ ఫౌలర్ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు అడవులలో ఒక జాతి మర్రిని చూచి, 2004లో దాని పేరనే వేరొక పద్ధతిని వర్ణించినాడు. ఆ చెట్టును చూచుటకు మనము ఆస్ట్రేలియా పోనక్కరలేదు. మన పొలము గట్లమీద తాటిచెట్టును కౌగిలించుకొని పెరిగిన మర్రి మనకు తెలిసినదే. పక్షి వేసిన గింజ తాటి మట్టల నడుమ మొలచును. వేళ్లు మానును చుట్టుకొని నేలకు దిగును. కొన్నేళ్లకు మర్రియే నిలిచి, లోపలి తాడు పేరుకు మాత్రమే మిగులును. ఏ రోజున తాడు పోయి మర్రి వచ్చినదో ఎవరును చెప్పలేరు.

ఆ ప్రకారము మొదట అంగడి వాకిట ఒక గుమాస్తాను నిలుపుదురు. అనగా ప్రతి పిలుపును ముందుగా పుచ్చుకొను ఒక చిన్న ప్రోగ్రాము. తొలినాళ్లలో వచ్చినవారినందరిని అతడు పాత కొట్టుకే పంపును. తరువాత ఒక చిన్న పనిని, అభిప్రాయముల విభాగము వంటిదానిని, బయట కొత్తగా కట్టుదురు. నూటికి ఒకరిని అక్కడికి మళ్లించి చూతురు. బాగున్నచో పదిమందిని, తరువాత అందరిని. చెడినచో గుమాస్తాకు ఒక మాట చెప్పిన చాలును, దారి పాత కొట్టుకు తిరుగును. సొమ్ము విభాగముతో మొదలుపెట్టువారిని చూచినచో నాకు భయము. చేయి తిరుగకముందే గుండె మీద కత్తి పెట్టరాదు గదా.

ఆవర్జా మార్పు ఇంకను సున్నితమైనది. కొంతకాలము పాత పుస్తకములోను కొత్త పుస్తకములోను రెండింట వ్రాయుదమని తోచును. ఒకదానిలో వ్రాత పడి రెండవదానిలో పడనిచో రెండింటికి పొత్తు కుదరదు. కాబట్టి అనుభవజ్ఞులు ఒక్క పుస్తకములోనే వ్రాసి, ఆ పుస్తకపు చిట్టాను వరుస తప్పకుండ చదువుచు రెండవదానిలోనికి నకలు దింపుదురు. కొన్ని వారములు రాత్రివేళ రెండింటిని పోల్చి చూతురు. తేడాలు లేవని తేలిన తరువాత చదువుట కొత్తదానినుండి, ఆ తరువాత వ్రాయుట కొత్తదానిలో. చిట్టచివర పాత పుటలకు ముద్ర. ఈ ఆఖరి మెట్టు బద్ధకము వలన ఆగిపోయి, పాతది కొత్తది రెండును ఏండ్ల తరబడి కలిసి తిరుగుచున్న సంస్థలున్నవి. వాటి ఖర్చు రెండింతలు, గందరగోళము మూడింతలు. పండుగ అమ్మకముల కాలములో ఈ మార్పులేవియు ముట్టరాదని చాల సంస్థలు గిరి గీసికొనుటయు కలదు.

ఇంతకును అందరును వేరుపడవలసినదేనా? ఎనమండుగురు పనివారు గల సంస్థ ముప్పది సర్వీసులుగా చీలినదనుకొనుడు. ప్రతివానికి నాలుగేసి కొట్ల కాపలా. మాట్లాడుకొనుటకు ఒక బల్ల చుట్టు కూర్చున్న చాలునన్నచోట వీధులు, గుమాస్తాలు, చీటీలు. పెద్ద అంగడి వేసికొన్న చొక్కాను బాలునికి తొడిగినట్లుండును. కెనడా దేశపు షాపిఫై సంస్థ లక్షలకొలది దుకాణములకు ఆధారమైనను, తన ప్రధాన ప్రోగ్రామును ఒకటిగానే ఉంచుకొని, లోపల గట్టి గోడలు మాత్రము కట్టుకొన్నట్లు 2019లో వివరించినది. ఒకే యిల్లు, వేరు గదులు. ఇంకను విశేషము: 2023 మార్చిలో అమెజాన్ వారి ప్రైమ్ వీడియో విభాగములోని ఒక బృందము, ప్రసారమగు చిత్రముల నాణ్యతను పరీక్షించు తమ యంత్రాంగమును విడి భాగములనుండి తిరిగి ఒకే ప్రోగ్రాముగా కలిపి, ఖర్చును నూటికి 90 వంతులు తగ్గించుకొన్నామని ప్రకటించినది. విడి భాగముల మధ్య బొమ్మలను మోయుట, ప్రతి అడుగునకు సుంకము చెల్లించుట వారి ఖర్చును పెంచినవి. ఇది చూచి, అమెజానే వెనుకకు మరలినదని కొందరు చప్పట్లు కొట్టినారు. అది తొందరపాటు. అంగడి అంతయు కలిసిపోలేదు. ఒక గదిలోని అడ్డుగోడలు పడగొట్టినారు. పూచీ ఒక్క బృందముదే యైనప్పుడు గోడ అక్కరలేకపోయినది.

ఈ గోడల వెనుక కాపలా కాయువారు మనకు దూరపువారు కారు. 2019 ఆగస్టులో అమెజాన్ హైదరాబాదులో తెరచిన భవనము, ఆనాటికి ప్రపంచములో ఆ సంస్థ కట్టిన భవనములన్నింటిలోను పెద్దది, 9.5 ఎకరముల స్థలములో, 15,000 మంది పనిచేయునట్లు కట్టినారు. అక్కడను, బెంగుళూరులోను, సియాటిల్‌లోను ఈ పనిలో నున్న తెలుగు పిల్లలు ఎందరో. మా అబ్బాయి ఏమి పని చేయునో మాకు అర్థము కాదు, పండుగనాడు కూడ కంప్యూటరు వదలడు, అని చెప్పుకొను తలిదండ్రులను నేను తరచుగా చూచుచున్నాను. ఆ అబ్బాయికి వంతు వచ్చినదని అర్థము. ఇట్టి బృందములలో కాపలా వారమునకొకరిదిగా తిరుగుట సాధారణము. ఆ వారములో ఏ రాత్రియైనను ఫోను మ్రోగినచో నిమిషములలో లేచి కూర్చుండవలెను.

లేచి అతడు చేయు మొదటి పని మరమ్మతు కాదు, వెదకుట. ఏకశిల కాలములో దోషము ఎక్కడున్నను ఇల్లు ఒకటే గనుక దీపము పట్టుకొని గదులు తిరిగిన సరిపోయెడిది. ఇప్పుడు నూరు కొట్లలో ఏది పలుకలేదో ముందు తెలియవలెను. ఒక ఫిర్యాదు అసలు బాధ్యుని చేరులోపల ఇరువది చేతులు మారవచ్చునని యెగీ వ్రాసినాడు. అందుకొరకు వాకిటి గుమాస్తా ప్రతి పిలుపునకు ఒక గుర్తు సంఖ్య కట్టి పంపును. ఏ కొట్టు ఆ పిలుపును ముట్టినను, తన దినచర్య పుస్తకములో ఆ సంఖ్యను, వేళను వ్రాసి తరువాతి కొట్టుకు అందించును. రాత్రి రెండు గంటలకు మేలుకొన్న అబ్బాయి ఆ సంఖ్యను తెరమీద వేసి, బుట్ట, ధర, సరుకు, సొమ్ము అనుకొనుచు కొట్టు తరువాత కొట్టుగా దాని అడుగులు చూచుకొనుచు పోవును. ఏ కొట్టు తరువాత ఆ సంఖ్య కనబడదో, ఆ కొట్టు కాపలావానిని నిద్రలేపును.